గీత దాటిన లైసెన్సు – ఖర్చు ఎవరి నెత్తిన?

పల్నాడుకు గీతలు కొత్త కాదు. ఒకే రాజ్యం గురజాల అని, మాచర్ల అని రెండుగా చీలితే ఏమవుతుందో చెప్పే వీరగాథను ఆ సీమ వందల ఏళ్లుగా పాడుకుంటోంది. కోడిపందెంతో రాజుకుని కారంపూడి రణరంగంలో ముగిసిన కథ అది. ఆ నేల అంచున 2014 జూన్‌ 2న ఇంకో గీత పడింది. కృష్ణకు కుడిగట్టున పొందుగుల, ఎడమగట్టున వాడపల్లి. కుడిగట్టున విజయపురి సౌత్‌, ఎడమగట్టున హిల్‌కాలనీ. నిన్నటిదాకా పక్క ఊరు, తెల్లారేసరికి పక్క రాష్ట్రం.

మేం ఆ గీత కావాలని కొట్లాడినవాళ్లం. క్లాసులు వదిలి రోడ్ల మీద కూర్చున్నాం. లాఠీ దెబ్బలు తిన్నాం. పోలీస్‌స్టేషన్లలో రాత్రులు గడిపాం. దానికి ఈ రోజుకూ మాకు పశ్చాత్తాపం లేదు. అయితే ఒక మాట. గీత గీయమని అడిగినవాళ్లకే ఆ గీత పక్కన బతికేవాళ్ల కష్టం పట్టించుకునే బాధ్యత అందరికన్నా ఎక్కువ. మేం అడిగింది నీళ్లలో, నిధుల్లో, కొలువుల్లో వాటా. చదువుకున్న చదువు వంతెన దాటేసరికి చెల్లకుండా పోవాలని మేం ఏనాడూ అడగలేదు.

ఈ మధ్య నడికుడి స్టేషన్‌లో రైలు కోసం ఎదురుచూస్తుంటే గురజాల పక్క పల్లె అమ్మాయి ఒకామె మాటల్లో కలిసింది. చదివింది నర్సింగ్‌. ఇక్కడ సీటు దొరక్క, అప్పు చేసి ఇంకో రాష్ట్రంలో చదివింది. అక్కడి కౌన్సిల్‌లోనే రిజిస్టర్‌ అయింది. అమ్మానాన్నలకు దగ్గరగా ఉండొచ్చని నరసరావుపేటలో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో పనికి అడిగితే, ‘మన రాష్ట్రం రిజిస్ట్రేషన్‌ తెచ్చుకోమ్మా, అప్పటిదాకా హెల్పర్‌ జీతమే’ అన్నారట. సరే అని చదివిన రాష్ట్రానికి పోయింది. ఎన్‌ఓసీ కావాలన్నారు. ఎన్‌ఓసీ ఇవ్వాలంటే ఇంకో కాగితం కావాలన్నారు. రెండుసార్లు రైలెక్కింది. ఏడు నెలలు గడిచాయి. ఆ ఏడు నెలలూ ఆమె చేసింది నర్సు పని, తీసుకున్నది హెల్పర్‌ జీతం.

‘నా సర్టిఫికెట్టు రద్దయిన ఐదొందల నోటు లెక్క ఉందన్నా. చూడ్డానికి బాగానే ఉంటది, బజార్లో చెల్లదు’ అంది.

ఆమె తమ్ముడు లారీ డ్రైవర్‌. నరసరావుపేటలో తీసుకున్న లైసెన్సుతోనే పిడుగురాళ్ల సున్నం వేసుకుని మిర్యాలగూడ పోతాడు, హైదరాబాద్‌ పోతాడు, నాగపూర్‌ దాకా పోతాడు. ఎవరూ ఎన్‌ఓసీ అడగరు. 1988 మోటారు వాహనాల చట్టం 13వ సెక్షన్‌ ఒక్క వాక్యంలో తేల్చేసింది: లైసెన్సు దేశమంతా చెల్లుతుంది. బండిని వేరే రాష్ట్రంలో ఉంచుకుంటే మళ్లీ రిజిస్టర్‌ చేయించుకోవాలి, దానికీ 47వ సెక్షన్‌ పన్నెండు నెలల గడువిచ్చింది. లారీకి పన్నెండు నెలలిచ్చిన దేశం నర్సుకు పన్నెండు రోజులైనా ఇవ్వదు. తప్పు చేస్తే లారీ కిందా మనిషి పోతాడు, ఇంజెక్షన్‌తోనూ మనిషి పోతాడు. మరి తమ్ముడికి ఒక న్యాయం, అక్కకు ఒక న్యాయం ఎందుకు?

‘వేరే రాష్ట్రాల లైసెన్సులన్నీ కళ్లు మూసుకుని ఒప్పేసుకుంటే పోలా?’ అని వెంటనే అనిపిస్తుంది. మాకూ అనిపించింది. కానీ లెక్క అంత సులువు కాదు. ఒప్పుకోకపోతే ఒక ఖర్చు ఉంది. కళ్లు మూసుకుని ఒప్పుకుంటే ఇంకో ఖర్చు ఉంది. మొదటిది నిరుద్యోగి కడుతున్నాడు. రెండోది రోగి కడుతున్నాడు. కట్టాల్సినవాళ్లు మాత్రం ఒక్క పైసా కట్టడం లేదు. మా వాదన అంతా ఇక్కడే ఉంది.

కాగితం మీద హక్కు, కౌంటర్‌ దగ్గర తిప్పట

ముందు చట్టాల సంగతి చూద్దాం. 1956 ఇండియన్‌ మెడికల్‌ కౌన్సిల్‌ చట్టం 27వ సెక్షన్‌లో, జాతీయ రిజిస్టర్‌లో పేరున్న డాక్టర్‌ దేశంలో ఎక్కడైనా వైద్యం చేయవచ్చని రాసి ఉండేది. అయినా రాష్ట్ర కౌన్సిళ్లు తమ దగ్గర విడిగా నమోదు కావాల్సిందేనని పట్టుబడుతూ వచ్చాయి. ఆ చట్టం పోయి 2019 నేషనల్‌ మెడికల్‌ కమిషన్‌ చట్టం వచ్చింది. 2024 ఆగస్టులో కేంద్రం నేషనల్‌ మెడికల్‌ రిజిస్టర్‌ పోర్టల్‌ తెరిచింది, డాక్టర్‌కు దేశమంతటికీ ఒకే గుర్తింపు సంఖ్య ఇస్తామంది. కానీ ప్రాక్టీసు లైసెన్సు ఇచ్చేది ఇప్పటికీ రాష్ట్ర కౌన్సిలే.

ఇందులో వింత చూడండి. 2020 మార్చిలో వచ్చిన టెలీమెడిసిన్‌ మార్గదర్శకాల ప్రకారం హైదరాబాద్‌లో కూర్చున్న డాక్టర్‌ మాచర్ల రోగిని ఫోన్‌లో చూసి మందులు రాయవచ్చు. దానికి రాష్ట్రాల గీత అడ్డం కాదు. అదే డాక్టర్‌ సాగర్‌ దాటి వచ్చి, మాచర్లలో కుర్చీ వేసుకుని, రోగి చెయ్యి పట్టుకుని నాడి చూడాలంటే ఇంకో కౌన్సిల్‌ కాగితం కావాలి. దూరంగా ఉండి చూస్తే సరిపోతుందట, దగ్గరికొస్తే అనుమానమట!

వకీళ్ల సంగతి కొంత నయం. 1961 అడ్వకేట్స్‌ చట్టం 30వ సెక్షన్‌ దేశంలో ఏ కోర్టులోనైనా వాదించే హక్కు ఇచ్చింది. ఇచ్చి, యాభై ఏళ్లు అమలు చేయకుండా పక్కన పెట్టారు. 2011 జూన్‌ 15న గానీ ఆ సెక్షన్‌కు ప్రాణం రాలేదు. ఇవాళ నరసరావుపేట బార్‌ న్యాయవాది మిర్యాలగూడ కోర్టులో నిలబడి వాదించవచ్చు. శాశ్వతంగా అవతలి రాష్ట్రం రోల్‌లోకి మారాలంటే 18వ సెక్షన్‌ కింద బదిలీ అడగవచ్చు, ఆ బదిలీకి ఫీజు ఉండదని చట్టమే చెబుతోంది. అంటే దారి ఉంది. వకీళ్లకు దొరికిన దారి నర్సులకు, ఫార్మసిస్టులకు ఎందుకు దొరకలేదు? నోరున్నవాడికే చట్టం ముందు అర్థమవుతుందేమో!

ఫార్మసిస్టుకు 1948 చట్టం వర్తిస్తుంది. ఒక రాష్ట్రం రిజిస్టర్‌లో ఉన్నవాడు ఇంకో రాష్ట్రం రిజిస్టర్‌లో చేరవచ్చు, కానీ మళ్లీ దరఖాస్తు, మళ్లీ ఫీజు. నర్సులకు 2023లో కొత్త చట్టం చేశారు. జాతీయ రిజిస్టర్‌ పెడతామని అందులోనూ రాశారు. రాయడంలో మన పాలకులకు ఎవరూ సాటిరారు.

కళ్లు మూసుకుంటే ఏమవుతుంది?

ఇప్పుడు రెండో వైపు. ‘తెచ్చిన కాగితాన్ని నమ్మండి’ అని మేం ఊరికే నినాదం ఇవ్వలేం. 2022 డిసెంబర్‌లో సీబీఐ ఒక కేసు పెట్టింది. విదేశాల్లో వైద్యం చదివి, ఇక్కడ తప్పనిసరిగా రాయాల్సిన పరీక్ష పాసు కాకుండానే రాష్ట్ర మెడికల్‌ కౌన్సిళ్లలో రిజిస్ట్రేషన్‌ సంపాదించారని 73 మందిపై ఆరోపణ. ఎఫ్‌ఐఆర్‌లో 14 రాష్ట్రాల మెడికల్‌ కౌన్సిళ్ల పేర్లు ఎక్కాయి. తేలాల్సింది కోర్టుల్లో తేలుతుంది. మనకు కావాల్సిన పాఠం మాత్రం అప్పుడే తేలిపోయింది. ఒక్క రాష్ట్రంలో తలుపు వదులుగా ఉంటే చాలు, దొంగ దేశమంతటి ఇంట్లోకి వచ్చేస్తాడు. ‘ఆ రాష్ట్రం చూసిందిలే’ అని ఈ రాష్ట్రం, ‘ఈ రాష్ట్రం చూస్తుందిలే’ అని ఆ రాష్ట్రం. చివరికి ఎవరూ చూడరు.

నకిలీ బెడద వకీళ్లలోనూ ఉంది. దేశంలో నల్లకోటు వేసుకున్నవాళ్ల డిగ్రీలు అసలువో కావో తేల్చడానికి 2023 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు రిటైర్డ్‌ న్యాయమూర్తి దీపక్‌ గుప్తా అధ్యక్షతన కమిటీ వేయాల్సి వచ్చింది. న్యాయం అడగడానికి వెళ్లినచోటే ఈ పరిస్థితి ఉంటే మందుల షాపు సంగతి చెప్పేదేముంది?

మందుల షాపులో గోడకు వేలాడే సర్టిఫికెట్‌ను ఎప్పుడైనా పరీక్షగా చూశారా? కౌంటర్‌ వెనక మనిషి ఒకరు, ఫొటోలో మనిషి ఒకరు. సర్టిఫికెట్‌ను నెలకింత అని అద్దెకిచ్చి, మనిషి వేరే ఊళ్లో వేరే ఉద్యోగం చేసుకోవడం రెండు రాష్ట్రాల్లోనూ బహిరంగ రహస్యం. రెండు కౌన్సిళ్ల రిజిస్టర్లు ఒకదానితో ఒకటి మాట్లాడుకోకపోతే, ఆ ఒక్క మనిషే నదికి కుడిగట్టున ఒక గోడ మీదా, ఎడమగట్టున ఇంకో గోడ మీదా వేలాడుతుంటాడు. ఆ అద్దె ఎవరు కడుతున్నారు? షాపు యజమాని కాదు. జ్వరం బిళ్లకు బదులు ఇంకేదో బిళ్ల మింగిన దాచేపల్లి కూలీ కడుతున్నాడు.

ఇంకో ఖర్చు ఉంది, అది బయటికి కనిపించదు. నదికి అవతల రిజిస్టరైన డాక్టర్‌ ఇవతల వైద్యం చేసి ప్రాణం మీదికి తెచ్చాడనుకోండి. రోగి బంధువులు ఏ గుమ్మం ఎక్కాలి? డాక్టర్‌ మీద చర్య తీసుకోవాల్సింది అతన్ని రిజిస్టర్‌లో పెట్టుకున్న కౌన్సిల్‌. తగువు పల్నాడులో, పంచాయతీ రాజధానిలో, అదీ పక్క రాష్ట్రం రాజధానిలో. మాచర్ల మిర్చి రైతు పొలం పని మానుకుని, కేసు షీట్లు మోసుకుని ఎన్నిసార్లు తిరుగుతాడు? మూడోసారికి ‘మా కర్మ’ అనుకుని ఊరుకుంటాడు. లైసెన్సు గీత దాటితే ఫిర్యాదు కూడా గీత దాటాలి. ఇప్పుడు మనిషి దాటుతున్నాడు, జవాబుదారీతనం మాత్రం వంతెన దగ్గరే ఆగిపోతోంది.

‘లోకల్‌’ మాటను ఇక్కడ కలపొద్దు

ఇది చదువుతూ మా ఉద్యమ మిత్రులు కొందరు నొసలు ముడేస్తారని తెలుసు. ‘బయటి లైసెన్సులు ఒప్పుకుంటే బయటివాళ్లు వచ్చి మన కొలువులు తన్నుకుపోరా? దీనికోసమా మనం ముల్కీ నాటి నుంచి కొట్లాడింది?’ అని అడుగుతారు. అడగాల్సిన ప్రశ్నే. జవాబు సూటిగా చెబుతాం.

స్థానికులకు కొలువుల్లో వాటా అనేది ఉద్యమాలు సాధించిన హక్కు. 1969, 1972 పోరాటాల తర్వాత ఆరు సూత్రాల పథకం వచ్చింది. దాని వెనకే 371-డి అధికరణం, 1975 రాష్ట్రపతి ఉత్తర్వులు వచ్చాయి. విభజన తర్వాత కూడా 371-డి రెండు రాష్ట్రాలకూ కొనసాగింది. అది సర్కారు పోస్టులో ఎవరిని తీసుకోవాలో చెబుతుంది. లైసెన్సు చెప్పేది అది కాదు. ఈ మనిషికి ఈ పని వచ్చా రాదా, అంతే. ఒకటి వాటా ప్రశ్న, రెండోది విద్య ప్రశ్న. వాటాను కాపాడుకోవడానికి రాజ్యాంగంలో దారి ఉంది. కౌన్సిల్‌ ఆఫీసులో ఫైలు తొక్కిపెట్టి కాపాడుకునే వాటా వాటా కాదు, పైరవీకారుకు పెట్టే మేత.

పైగా ఆ తొక్కిపెట్టడం వల్ల నష్టపోతున్నది ఎవరో చూడండి. గురజాల అమ్మాయి బయటిది కాదు, మన పిల్లే. బయటికి పోయి చదువుకుని సొంత ఊరికి తిరిగొచ్చిన పిల్ల. ‘బయటివాళ్లను’ ఆపడానికి కట్టిన గోడకు ముందుగా తల కొట్టుకున్నది ఇంటి మనిషే. అటు నల్లగొండ పల్లెల పిల్లలకూ ఇదే గతి.

గోడలు కడితే ఎంతదూరం పోతామో 2021 మేలో చూశాం. కరోనా రెండో దెబ్బలో ఆంధ్ర నుంచి హైదరాబాద్‌కు వస్తున్న అంబులెన్సులను తెలంగాణ సరిహద్దుల్లో ఆపేశారు. ఊపిరాడని మనిషి లోపల, ‘అనుమతి పత్రం ఏది’ అని అడిగే పోలీసు బయట. హైకోర్టు కలగజేసుకుని ఆ ఉత్తర్వును నిలిపేసింది. ఆ రోజు మేం సిగ్గుతో తలదించుకున్నాం. మేం కొట్లాడిన రాష్ట్రం అది కాదు. 2023 నవంబర్‌ చివర్లో సాగర్‌ డ్యాం మీద ముళ్లకంచెలు లేచినప్పుడూ అదే అనుకున్నాం. నీళ్ల పంచాయతీని బోర్డులో, ట్రిబ్యునల్‌లో తేల్చుకోవాలి. మనుషుల మధ్య కంచె వేసి కాదు.

వెళ్లిపోయేవాళ్ల మాటేమిటి?

ఇంకో అభ్యంతరమూ ఉంది. దీన్ని కొట్టిపారేయలేం. లైసెన్సు ఎక్కడైనా చెల్లితే చదువుకున్నవాళ్లంతా నగరానికి పోతారు. నర్సును తయారుచేసిన ఖర్చు ఒక రాష్ట్రానిది, ఆమె సేవ ఇంకో రాష్ట్రానిది. మాచర్ల ఆసుపత్రిలో కుర్చీ ఖాళీ, హైదరాబాద్‌ కార్పొరేట్‌ ఆసుపత్రిలో క్యూ. ఇది నిజమైన ఖర్చే.

కానీ కాగితం పట్టుకుని ఆపితే మనిషి ఆగుతాడా? ఇన్నేళ్లూ ఎన్‌ఓసీలు, ఫీజులు, తిప్పటలు ఉన్నాయి కదా, పల్నాడు నుంచి వలస ఆగిందా? ఆగలేదు. డబ్బున్నవాడు ఫీజు కట్టి, బ్రోకర్‌ను పట్టుకుని వెళ్లిపోయాడు. డబ్బులేనివాడు హెల్పర్‌ జీతానికి మిగిలిపోయాడు. మాచర్లలో నర్సు నిలబడాలంటే పోస్టులు నింపాలి, నెలనెలా జీతం ఇవ్వాలి, తలదాచుకోవడానికి క్వార్టర్‌ ఇవ్వాలి. సర్కారు డబ్బుతో చదివినవాళ్లకు కొన్నేళ్ల పల్లె సేవ షరతు పెట్టినా మేం కాదనం. ఆ షరతును సీటు ఇచ్చినప్పుడే చెప్పాలి. చదువు అయిపోయాక కౌంటర్‌ కిటికీలోంచి చెప్పకూడదు.

ప్రపంచం ఈ చిక్కును ఎప్పుడో ఎదుర్కొంది. యూరప్‌లో దేశాలకు దేశాలే ఒకరి వృత్తి అర్హతను ఒకరు గుర్తించుకోవడానికి 2005లో ఉమ్మడి నిబంధన చేసుకున్నాయి. తలుపు తెరిచాక దొంగలూ వస్తారని తెలుసుకుని 2013లో దాన్ని సవరించాయి. ఒక దేశం ఒక డాక్టర్‌ను నిషేధిస్తే మూడు రోజుల్లోగా మిగతా దేశాలన్నింటికీ హెచ్చరిక పంపాలి. నకిలీ పట్టా చూపి దొరికిపోయినవాడి పేరూ అలాగే తిరగాలి. అమెరికాలో రాష్ట్రానికో లైసెన్సు. అయినా నర్సుల కోసం 2000 నుంచి రాష్ట్రాల మధ్య ఒప్పందం నడుస్తోంది, ఇవాళ నలభైకి పైగా రాష్ట్రాలు అందులో ఉన్నాయి. ఒక రాష్ట్రం లైసెన్సుతో మిగతావాటిలో పనిచేయవచ్చు, వెనకాల అందరూ చూసుకోగల ఒకే రిజిస్టర్‌ ఉంటుంది. వేర్వేరు భాషల దేశాలు చేసుకోగలిగిన పనిని ఒకే భాష మాట్లాడే రెండు తెలుగు రాష్ట్రాలు చేసుకోలేవా?

లారీ తమ్ముడి లైసెన్సు దేశమంతా చెల్లడం వెనకున్న కిటుకూ అదే. చట్టం ఒకటే, రికార్డు ఒకటే. వాడపల్లి దగ్గర ఆపిన అధికారి నరసరావుపేట లైసెన్సు అసలుదో నకిలీదో నిలబడినచోటే చూసుకోగలడు. లారీకి చేసిన ఏర్పాటు నర్సుకు చేయలేదు. అక్కకూ తమ్ముడికీ తేడా అక్కడే వచ్చింది.

ఖర్చు పెట్టాల్సింది సర్కార్లే

గుర్తింపు ఉచితంగా రాదు. రిజిస్టర్లు కలపాలి, సర్టిఫికెట్‌ను యూనివర్సిటీతో సరిచూడాలి, ఫిర్యాదు వినే మనుషులను జిల్లాలో కూర్చోబెట్టాలి. దానికి డబ్బు కావాలి. ఆ డబ్బు ఉద్యోగం వెతుక్కునే పిల్లల జేబులోంచి రాకూడదు, రోగి ప్రాణంలోంచి అసలే రాకూడదు. అందుకే మా డిమాండ్లు నాలుగు.

ఒకటి. ఒకే ప్రమాణంతో చదివి ఒక తెలుగు రాష్ట్రంలో రిజిస్టరైన నర్సు, ఫార్మసిస్టు, డాక్టర్‌ను రెండో రాష్ట్రం గుర్తించాలి. సరిచూసే పని కౌన్సిల్‌, కౌన్సిల్‌తో చేసుకోవాలి. అభ్యర్థిని పోస్ట్‌మ్యాన్‌గా వాడుకోవడం మానాలి. ముప్పై రోజుల్లో జవాబు రాకపోతే తాత్కాలిక రిజిస్ట్రేషన్‌ ఇవ్వాలి. వేరే రాష్ట్రాల్లో చదివి వచ్చినవాళ్లకూ ఇదే గడువు పెట్టాలి.

రెండు. ఫీజు అసలు ఖర్చును మించకూడదు. వేలకు వేలు గుంజుతున్న బార్‌ కౌన్సిళ్లకు 2024 జూలై 30న సుప్రీంకోర్టు ముకుతాడు వేసింది. ఎన్‌రోల్‌మెంట్‌కు చట్టంలో ఉన్న 750 రూపాయలు, ఎస్సీ, ఎస్టీలకు 125 రూపాయలు దాటి వసూలు చేయొద్దంది. ఆ తీర్పు వకీళ్లది. అందులోని న్యాయం అందరిదీ.

మూడు. నష్టం జరిగిన జిల్లాలోనే ఫిర్యాదు తీసుకోవాలి. ఒక కౌన్సిల్‌ సస్పెండ్‌ చేసిన పేరు అదే రోజు రెండో కౌన్సిల్‌ తెర మీద కనిపించాలి. ఒక రాష్ట్రంలో నిషేధం పడినవాడు వంతెన దాటి బోర్డు తిప్పే వీలుండకూడదు.

నాలుగు. ఆ రిజిస్టర్‌ జనం ముందుండాలి. మందుల షాపు గోడ మీది నంబర్‌ను ఫోన్‌లో కొడితే ఆ మనిషి ఎవరో, ఎక్కడ పనిచేస్తున్నాడో తెలుగులో కనిపించాలి. అద్దె సర్టిఫికెట్‌ వ్యాపారానికి అంతకు మించిన మందు లేదు.

ఇవేవీ గొంతెమ్మ కోరికలు కావు. రెండు సర్కార్లు ఒక గదిలో కూర్చుంటే అయ్యే పనులు. విద్యార్థి సంఘాలు, ఉద్యోగ సంఘాలు, నర్సుల యూనియన్లు, బార్‌ అసోసియేషన్లు నదికి రెండు గట్లా ఒకే వినతిపత్రం పట్టుకుని కదలాలి. రాష్ట్రం కోసం కొట్లాడినవాళ్లు ముందు వరసలో ఉండాలి. గీత మనం అడిగిందే గనుక.

అదే పల్నాటి కథలో బ్రహ్మనాయుడు మాచర్లలో అన్ని కులాలనూ ఒకే చాప మీద కూర్చోబెట్టి అన్నం పెట్టాడని చెబుతారు. చాపకూడు పెట్టినా చెయ్యి కడుక్కుని రమ్మనే ఉంటాడు. మేం అడుగుతున్నదీ అంతే. శుభ్రంగా ఉందో లేదో చూడండి, చూసే ఖర్చు మీరు పెట్టుకోండి. చూశాక మాత్రం పిల్లలను చాప మీద కూర్చోనివ్వండి.

నడికుడిలో రైలొచ్చింది. ఆ అమ్మాయి ఫైలు చంకలో పెట్టుకుని ఎక్కింది. మూడో ప్రయాణం.